మెసేజ్ వినే మనిషెవరో తేల్చాకే వాయిస్‌మెయిల్ పెట్టించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

తిరుపతిలో ఏ లాడ్జికో, ల్యాబ్‌కో, ట్రావెల్స్ ఆఫీసుకో రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చేస్తే చాలాసార్లు మోగి మోగి ఆగిపోతుంది. చిత్తూరులో మామిడి సీజన్ మొదలైతే గుజ్జు ఫ్యాక్టరీలకు ఫోన్ చేసే రైతులదీ, లారీ డ్రైవర్లదీ ఇదే అవస్థ. ఎప్పుడు చేసినా ఎంగేజే. అందుకే వాయిస్‌మెయిల్ (ఎవరూ ఎత్తకపోతే బయటివారి మాటను రికార్డు చేసి పెట్టే సదుపాయం), దాంతోపాటు ఈమెయిల్, ఫ్యాక్స్, ఎస్ఎంఎస్‌లను ఒకేచోట చూపించే యూనిఫైడ్ మెసేజింగ్ పెట్టించుకునే సంస్థలు పెరుగుతున్నాయి. మంచిదే. కానీ వాటి కొటేషన్లు చూస్తే బాధేస్తుంది. ఎన్ని పోర్టులు (ఒకేసారి ఎన్ని కాల్స్ అందుకోగలదో), ఎన్ని గంటల రికార్డింగు, ఎన్ని లైసెన్సులు అన్నవన్నీ ఉంటాయి. వచ్చిన మెసేజ్‌ను ఎవరు వింటారు, ఎంతసేపట్లో తిరిగి ఫోన్ చేస్తారు అన్నది ఎక్కడా ఉండదు. ఫోన్, నెట్‌వర్క్ పనుల్లో ఉన్నవాళ్లం కాబట్టి, డబ్బు పెట్టబోయేవారికి పనికొస్తాయని ఈ వివరాలు రాస్తున్నాం. ఉత్తరం కాస్త పెద్దదే. వీలైతే కత్తిరించకుండా వేయగలరు.

ముందుగా ఒక కాగితం మీద సంస్థలో ఫోన్ మోగే చోట్లన్నీ రాయండి. ఒక్కోదాని ఎదురుగా మూడు సంగతులు ఉండాలి. ఎవరూ ఎత్తకపోతే కాల్ ఎటు పోవాలి, పడిన మెసేజ్‌కు బాధ్యులెవరు, ఆ మనిషి సెలవు పెడితే ఆ రోజు ఎవరు వింటారు. ఈ కాగితం నిండకుండా కొనుగోలుకు దిగవద్దు. మన దగ్గర మనుషుల పేర్ల మీద కంటే పనుల పేర్ల మీద బాక్సులు (మెసేజ్‌లు చేరే ఖాతాలు) తెరవడమే నప్పుతుంది. బుకింగ్, బిల్లింగ్, రిపోర్టులు, స్టోర్స్ ఇలాగన్నమాట. రిసెప్షన్‌లో మనుషులు తరచూ మారుతుంటారు. మానేసినవారి పేరుతో ఉన్న బాక్సులో మెసేజ్‌లు పేరుకుపోతూనే ఉంటాయి, బయటివాళ్లేమో చెప్పేశాం కదా అని ఎదురుచూస్తుంటారు. 60 ఎక్స్‌టెన్షన్లు (లోపలి ఫోన్లు) ఉన్నంతమాత్రాన 60 బాక్సులు అక్కర్లేదు. పది పన్నెండు ఉమ్మడి బాక్సులు, బయటి కాల్స్ నేరుగా అందుకునే పదిహేను ఇరవై మందికి సొంత బాక్సులు ఉంటే సరిపోతుంది.

మనవాళ్లలో చాలామంది బీప్ వినపడగానే ఫోన్ పెట్టేస్తారు. మిషన్‌తో మాట్లాడే అలవాటు లేదు, అలవాటు చేసుకోమని వాళ్లకు చెప్పలేం కూడా. కాబట్టి రికార్డయిన మెసేజ్ ఎంత ముఖ్యమో, మెసేజ్ పెట్టకుండా వెళ్లిపోయినవారి నంబరూ అంతే ముఖ్యం. ఆ నంబర్లు, చేసిన టైముతో సహా, గంటకోసారి సంబంధిత విభాగానికి మెయిల్‌లో వెళ్లేలా పెట్టించుకోండి. సిస్టమ్‌లో ఎలాగూ రాసి ఉండే కాల్ రికార్డుల నుంచే ఇది వస్తుంది. అయినా అడిగితే తప్ప ఎవరూ పెట్టివ్వరు. ముందే పని పత్రంలో రాయించండి.

ఇక లెక్క. చాలామంది రోజంతా వచ్చే కాల్స్‌ను గంటలతో భాగించి సరాసరి చూస్తారు. అక్కడే తప్పుతుంది, రద్దీ గంటను పట్టుకోవాలి. ఆ గంటలో 40 కాల్స్ వాయిస్‌మెయిల్‌కు పోతాయని, పలకరింపు, మెసేజ్, మధ్యలో నొక్కే బటన్లు అన్నీ కలిపి ఒక్కో కాల్ 90 సెకన్లు ఉంటుందని అనుకుందాం. మొత్తం 3,600 సెకన్లు, అంటే ఒక ఎర్లాంగ్ (ఒక లైను గంటంతా బిజీగా ఉంటే పడే బరువు). అదే గంటలో సిబ్బంది మెసేజ్‌లు వినడానికి 20 సార్లు ఫోన్ చేసి, సారికి 3 నిమిషాలు తీసుకుంటే అది ఇంకో ఎర్లాంగ్. రెండు ఎర్లాంగ్‌లకు రెండు పోర్టులు చాలుగదా అనిపిస్తుంది. కానీ కాల్స్ ఒకేసారి మీద పడటాన్ని లెక్కగట్టే ఎర్లాంగ్ బీ సూత్రం ప్రకారం రెండు పోర్టులే పెడితే నూటికి 40 కాల్స్‌కు దారి దొరకదు. నూటికి ఒకటికి మించి తప్పిపోకూడదంటే 7 పోర్టులు కావాలి. రద్దీ గంటను మామూలు రోజుల్లో కొలిస్తే లాభం లేదు. తిరుపతిలో బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి వారాలు, చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి దిగే జూన్ నెల చూడాలి. పాత ఎక్స్ఛేంజిలోని (ఆఫీసు ఫోన్లను కలిపే పెట్టెలోని) కాల్ రికార్డులు తీయిస్తే ఆ అంకెలు దొరుకుతాయి.

పోర్టులు పెంచి బయటి లైన్లు పెంచకపోతే ఉపయోగం లేదు. వాయిస్‌మెయిల్‌లో మాట్లాడుతున్న మనిషి కూడా ఒక బయటి లైనును పట్టుకునే ఉంటాడు. కాల్‌ను సిబ్బంది సెల్‌ఫోన్‌కు మళ్లిస్తే లోపలికి ఒకటి, బయటికి ఒకటి, మొత్తం రెండు లైన్లు పోతాయి. నాలుగు లైన్ల లాడ్జిలో ఇద్దరు మేనేజర్ల ఫోన్లకు కాల్స్ మళ్లితే ఐదో మనిషి దాకా అక్కర్లేదు, మూడో మనిషికే ఎంగేజ్ వస్తుంది. పీఆర్ఐ (ఫోన్ సంస్థ ఇచ్చే డిజిటల్ లైను) అయితే ఒకే కనెక్షన్ మీద 30 మాటల దారులు వస్తాయి. సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ పద్ధతిలో వచ్చే ఫోన్ కనెక్షన్) అయితే కావలసినన్ని దారులు తీసుకోవచ్చు, కానీ ఒక్కో కాల్‌కు జీ.711 కోడెక్ (మాటను డిజిటల్‌గా మార్చే పద్ధతి) మీద ఒక్కో వైపు సెకనుకు 87 కిలోబిట్ల దాకా వెళ్తుంది. పది కాల్స్ అంటే దాదాపు 0.9 మెగాబిట్లు, అది కూడా అప్‌లోడ్ వైపు. లాడ్జిలో అతిథుల వైఫై, ఫోన్లు ఒకే బ్రాడ్‌బ్యాండ్ మీద నడిపితే సాయంత్రాలు మాట ముక్కలవుతుంది. ఫోన్లకు వేరే వీల్యాన్ (అదే తీగల మీద విడిగా నడిచే నెట్‌వర్క్), రౌటర్‌లో ముందు వరస తప్పనిసరి. రికార్డింగు జాగా గురించి మాత్రం దిగులు వద్దు. 8 కిలోహెర్ట్జ్, 16 బిట్ వేవ్ ఫైలు నిమిషానికి 960 కేబీ. 60 బాక్సుల్లో ఇరవయ్యేసి నిమిషం మెసేజ్‌లు ఉన్నా 1.2 జీబీ లోపే. రికార్డింగు గంటల కోసం ఎవరైనా విడిగా వేలకు వేలు అడిగితే ఎందుకో అడగండి.

పాత రాగి లైన్ల మీద వాయిస్‌మెయిల్ పెట్టేవారికి ఎదురయ్యే అసలు గండం ఒకటుంది. అవతలి మనిషి ఫోన్ పెట్టేసిన సంగతి సిస్టమ్‌కు తెలియదు. లైను మీద ఎంగేజ్ టోన్ వస్తుంది, సిస్టమ్ దాన్నే మెసేజ్ అనుకుని రికార్డు చేస్తూ పోతుంది. మన దేశపు ఎంగేజ్ టోన్ 400 హెర్ట్జ్, ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. అమెరికాలో 480, 620 హెర్ట్జ్ రెండూ కలిసి అర సెకను మోగి అర సెకను ఆగుతాయి. బయటి నుంచి తెచ్చిన పెట్టెలో దేశం సెట్టింగ్ మార్చకుండా వదిలేస్తే అది మన టోన్‌ను గుర్తుపట్టదు. బాక్సు తెరిస్తే ఒక్కోటి మూడేసి నిమిషాల ‘కుయ్ కుయ్’ మెసేజ్‌లు, ఈలోగా లైనంతా బిజీ. గేట్‌వేలో (రాగి లైనును సిస్టమ్‌కు కలిపే పెట్టెలో) దేశం ఇండియా అని పెట్టి, టోన్‌ను గుర్తించే వ్యవధి సరిచూడాలి. లైను ఇచ్చిన సంస్థను అడిగి, కాల్ ముగియగానే లైను పొలారిటీ (ప్లస్, మైనస్) తిరగేసే సదుపాయం పెట్టించుకుంటే ఇంకా మేలు. పరీక్ష సులువే. సెల్‌ఫోన్ నుంచి చేసి, మెసేజ్ మధ్యలో పెట్టేసి, గేట్‌వే మీద ఆ లైను దీపం ఎంతసేపట్లో ఆరుతుందో చూడండి. ఐదారు సెకన్లు దాటితే బిల్లు కట్టవద్దు. పీఆర్ఐలోనూ, సిప్‌లోనూ పెట్టేసిన సంగతి సిగ్నల్‌గానే వస్తుంది కాబట్టి ఈ తలనొప్పి లేదు.

నిశ్శబ్దాన్ని బట్టి రికార్డింగు ఆపే సెట్టింగ్‌నే నమ్ముకోవద్దు. బస్టాండులోంచో, రైల్వే స్టేషన్ లోంచో చేసే ఫోన్‌లో నిశ్శబ్దమే ఉండదు. గరిష్ఠం 180 సెకన్లు, కనిష్ఠం 3 సెకన్లు, నిశ్శబ్దం 10 సెకన్లు అని మూడూ పెట్టండి. కనిష్ఠం పెట్టకపోతే బీప్ వినగానే పెట్టేసినవారి ఖాళీ ముక్కలన్నీ మెసేజ్‌లుగా చేరి, అసలైనవి వాటి మధ్య కనపడకుండా పోతాయి. బటన్ నొక్కితే సిస్టమ్‌కు తెలియకపోవడం ఇంకో తరచు ఫిర్యాదు. జీ.729 లాంటి కుదించే కోడెక్‌లో బటన్ శబ్దాన్ని మాటతో కలిపి పంపితే అది చెడిపోతుంది. ఆర్ఎఫ్‌సీ 2833 పద్ధతిలో విడిగా పంపేలా ఫోన్లు, గేట్‌వే, ట్రంక్ మూడూ ఒకేలా ఉండాలి. రెండు ఒకలా ఉండి ఒకటి తేడాగా ఉంటే ఒక్కోసారి అంకె రెండుసార్లు పడుతుంది.

ఎన్ని సెకన్లు మోగాక మెసేజ్‌కు పోవాలి? మన రింగు 0.4 సెకను మోగి, 0.2 ఆగి, మళ్లీ 0.4 మోగి 2 సెకన్లు ఆగుతుంది. అంటే ఒక చుట్టు 3 సెకన్లు. కాల్ ఎత్తకపోతే సెల్‌ఫోన్‌కు 30 సెకన్లు, ల్యాండ్‌లైన్‌కు 60 సెకన్లు మాత్రమే మోగాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019 నవంబర్‌లో నిర్ణయించింది. ఆ అరవైలోనే మన ఏర్పాట్లన్నీ సర్దుకోవాలి. రిసెప్షన్ 18 సెకన్లు, రెండో చోట 15 సెకన్లు, ఆపై మెసేజ్. ఇంతకంటే సాగదీస్తే అవతలి మనిషి అప్పటికే విసిగిపోయి ఉంటాడు. మధ్యలో సెల్‌ఫోన్‌ను ఇరికిస్తే ఒక చిక్కు వస్తుంది. ఆ ఫోన్ ఆఫ్‌లో ఉంటే ‘మీరు డయల్ చేసిన నంబర్ స్విచ్ఛాఫ్ చేయబడి ఉంది’ అన్న ప్రకటననే కొన్ని సిస్టమ్‌లు ఎత్తినట్టు లెక్కవేసి, బయటివారిని దానికే కలిపేస్తాయి. అందుకని సెల్‌ఫోన్‌కు వెళ్లే ప్రతి కాల్‌కూ, ఎత్తినవారు ఒకటి నొక్కితేనే కలిపే షరతు పెట్టాలి. నొక్కకపోతే కాల్ వెనక్కి వచ్చి మన బాక్సులోనే పడుతుంది.

ఇక పలకరింపు. దీన్ని ఆఖరి రోజు సాయంత్రం ఎవరో ఒకరిచేత చదివించి ముగించేస్తారు. బయటివారికి తెలిసే సిస్టమ్ అంతా ఈ గొంతే. పదిహేను సెకన్లు దాటకూడదు. లాడ్జికి ఇలా ఉండొచ్చు: ‘నమస్కారం. బుకింగ్ విభాగంలో ఇప్పుడు ఎవరూ అందుబాటులో లేరు. బీప్ వినిపించాక మీ పేరు, ఊరు, వచ్చే తేదీ, ఎంతమందో చెప్పండి. ఉదయం ఎనిమిదిలోపు మేమే ఫోన్ చేస్తాం. అర్జెంటయితే సున్నా నొక్కండి.’ ఇందులో ఎనిమిది అన్న మాట నిలబెట్టుకోలేకపోతే తొమ్మిదని చెప్పండి, పదని చెప్పండి, ఏదో ఒక గడువు మాత్రం చెప్పండి. సున్నా నొక్కినవారిని మళ్లీ ఇదే బాక్సుకు తెచ్చి పడేయవద్దు. రాత్రి డ్యూటీ మనిషికి పోవాలి.

సిస్టమ్‌తో వచ్చే లోపలి ప్రాంప్ట్‌లను (సిస్టమ్ తానే పలికే మాటల ముక్కలను) తెలుగులో చేయడం గొంతు మారిస్తే అయిపోయే పని కాదు. ఇంగ్లిష్ వరసకు రాసిన ప్రోగ్రాములు ముక్కలను వాళ్ల క్రమంలో అతికిస్తాయి. తెలుగులో ‘మీకు’, ‘మూడు’, ‘కొత్త మెసేజ్‌లు’, చివర ‘ఉన్నాయి’ రావాలి. ఆ చివరి ముక్క ఇంగ్లిష్ వరసలో లేదు. ఒక్కటే ఉంటే ‘ఒకటి మెసేజ్‌లు ఉన్నాయి’ అనకూడదు, ‘ఒక కొత్త మెసేజ్ ఉంది’ అనాలి. కాబట్టి ఒకటికి వేరే ఫైలు, సున్నాకు ‘కొత్త మెసేజ్‌లు ఏమీ లేవు’ అని ఇంకో ఫైలు. గంటలు చెప్పేటప్పుడు ‘పది గంటల ఐదు నిమిషాలకు’ అన్న విభక్తి కోసం మరికొన్ని. ఆస్టరిస్క్ లాంటి ఓపెన్ సోర్స్ సిస్టమ్‌లో ఈ వరసను మార్చుకునే వీలుంది. లోపలి ప్రోగ్రామును మార్చనివ్వని పెట్టెల్లో ఆ వీలు ఉందో లేదో డబ్బు కట్టకముందే వినిపించమనండి. రికార్డింగు ఫ్యాను, ఏసీ ఆపిన గదిలో, ఒకే గొంతుతో, 8 కిలోహెర్ట్జ్ మోనో వేవ్‌లో చేయించండి. అసలు ప్రతి కూడా దగ్గర పెట్టుకోండి. ఏడాది తర్వాత ఒక ఆప్షన్ కలపాలంటే అదే గొంతు కావాల్సి వస్తుంది.

తిరుపతికి ఫోన్ చేసేవారిలో తమిళం, కన్నడం, హిందీ వాళ్లు తక్కువేం కాదు. నాలుగు భాషల మెనూ ముందు పెడితే పదిహేను సెకన్లు దానికే పోతాయి, పైగా చివర తన భాష వచ్చేవాళ్లు అంతదాకా ఆగరు. ఇంతకంటే మంచి దారి ఉంది. పీఆర్ఐ, సిప్ ట్రంక్‌లతో వరస నంబర్లు ఇస్తారు. తమిళనాడులో ఇచ్చే ప్రకటనలో ఒక నంబరు, కర్ణాటకకు ఇంకొకటి వేయండి. ఏ నంబరుకు వచ్చిందో చూసి సిస్టమ్ నేరుగా ఆ భాషలోనే పలకరిస్తుంది, మెసేజ్ కూడా ఆ భాష తెలిసిన మనిషి బాక్సుకే వెళ్తుంది. మెనూ అవసరమే పడదు.

మాటను అక్షరాల్లోకి మార్చి మెయిల్‌లో పంపుతామని అమ్మేవారు చెబుతారు. టెలిఫోన్ మోసేది 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే. అందులో శ, ష, స తేడాలు సరిగా నిలవవు. పేర్లు, ఊళ్లు, అంకెలు తప్పుపడితే మొత్తం పనే చెడుతుంది. పైగా మన సరిహద్దు జిల్లాలో ఒకే వాక్యంలో తెలుగు, తమిళం కలిసి వస్తాయి. తమ వేరే నంబరుకు తిరిగి ఫోన్ చేయమనేవారిని ఆ నంబరు బటన్లతో నొక్కమనండి. మిగతాది చెవితో వినాల్సిందే.

మెయిల్‌కు చేరే భాగం దగ్గరికొద్దాం. ఇక్కడ మూడు దార్లున్నాయి. మెసేజ్‌ను మెయిల్‌కు జతచేసి సర్వర్‌లో చెరిపేయడం, జతచేసి సర్వర్‌లోనూ ఉంచడం, అసలు మెయిల్ సర్వర్‌లోనే ఐమ్యాప్ (మెయిల్ సర్వర్‌తో మాట్లాడే పద్ధతి) ద్వారా దాచడం. మొదటిది చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది గానీ మెయిల్ తిరిగొస్తే మెసేజ్ శాశ్వతంగా పోయినట్టే. రెండోదానిలో మెయిల్‌లో విన్నా ఫోన్ మీద ఎర్ర దీపం ఆరదు. నెల తిరిగేసరికి సిబ్బంది దీపాన్ని పట్టించుకోవడం మానేస్తారు, బాక్సు నిండి కొత్త మెసేజ్‌లు ఆగిపోతాయి. మూడోదే నిజమైన యూనిఫైడ్. ఒకచోట వింటే అన్నిచోట్లా విన్నట్టే. పెట్టడం కష్టం, మెయిల్ సర్వర్ ఆగితే వాయిస్‌మెయిల్ కూడా ఆగుతుంది. చిన్న సంస్థకు మా సలహా రెండోదే, సర్వర్‌లో 30 రోజులు దాటినవాటిని చెరిపేసే ఏర్పాటుతో. దీపాన్ని ఉమ్మడి బాక్సులకే వాడండి. కేటాయించిన మనిషి ఫోన్ నుంచే విని ఆర్పాలి.

జతచేసే ఫైలు సంగతి చూసుకోండి. నిమిషం వేవ్ ఫైలు మెయిల్‌లో ఎక్కేసరికి మూడో వంతు పెరిగి 1.3 ఎంబీ అవుతుంది. అదే జీఎస్ఎం కుదింపుతో ఉన్న వేవ్ అయితే ఫైలు వంద కేబీ లోపే, మెయిల్‌లో ఎక్కాక దాదాపు 130 కేబీ. కాకపోతే కొన్ని సెల్‌ఫోన్లలో అది తెరుచుకోదు. సిబ్బంది ఫోన్లలో ముందే తెరిచి చూడండి. మెయిల్ పంపడానికి 25వ పోర్టు (ఇక్కడ పోర్టంటే నెట్‌వర్క్‌లో ఒక ద్వారం నంబరు) మీద ఆధారపడవద్దు, బ్రాడ్‌బ్యాండ్ సంస్థలు చాలాచోట్ల దాన్ని మూసేస్తాయి. 587 మీద, పాస్‌వర్డుతో, టీఎల్ఎస్ రహస్య లిపితో, సంస్థ సొంత మెయిల్ ఖాతా నుంచి పంపండి. డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు (మెయిల్ నిజంగా ఆ సంస్థదేనని చూపేవి) లేకపోతే మెసేజ్‌లు స్పామ్‌లోకి పోవచ్చు. ఆ ఖాతా పాస్‌వర్డు ఎవరైనా మారిస్తే మెయిళ్లు ఆగిపోతాయి, ఎవరికీ తెలియదు కూడా. అందుకే రోజూ ఉదయం ఏడింటికి సిస్టమే ఒక పరీక్ష మెయిల్ పంపేలా పెట్టి, అది రాకపోతే కదలాలి. టైమ్‌జోన్ కూడా. సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) మిగిలిపోతే ఉదయం తొమ్మిదికి వచ్చిన మెసేజ్ మూడున్నరకు వచ్చినట్టు చూపిస్తుంది, ఆఫీసు వేళల నియమాలన్నీ అయిదున్నర గంటలు జరిగిపోతాయి.

ఇప్పటికీ కొన్ని కొటేషన్లలో మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్‌లోని యూనిఫైడ్ మెసేజింగ్ కనిపిస్తోంది. అది 2007 ఎక్స్ఛేంజ్‌తో వచ్చి, 2019 ఎక్స్ఛేంజ్ నాటికి తీసేశారు. దాని మీద కొత్తగా డబ్బు పెట్టవద్దు.

భద్రత గురించి గట్టిగా చెప్పాలి. బాక్సు తెరిచే పిన్ 1234 అనో, ఎక్స్‌టెన్షన్ నంబరే అనో వదిలేయడం మామూలైపోయింది. ఇంగ్లండులో ‘న్యూస్ ఆఫ్ ద వరల్డ్’ పత్రిక 2011 జులైలో మూతపడింది ఇతరుల వాయిస్‌మెయిల్‌ను దొంగచాటుగా విన్న వ్యవహారంలోనే. మార్చకుండా వదిలేసిన పిన్‌లే వాళ్లకు చాలావరకు దారి ఇచ్చాయి. ఆరంకెల పిన్, మొదటిసారి తెరవగానే మార్చితీరాలన్న నిబంధన, ఐదు తప్పులకు తాళం పెట్టండి. వినడం ఒక్కటే ప్రమాదం కాదు. బాక్సులోంచి తిరిగి డయల్ చేసే సదుపాయం తెరిచి ఉంటే, పిన్ కనుక్కున్నవాడు మన లైను మీద విదేశాలకు కాల్స్ చేస్తాడు. శనివారం రాత్రి మొదలై సోమవారం ఉదయానికి బిల్లు లక్షల్లో ఉంటుంది. ఆ సదుపాయం మూసేయండి, ఐఎస్‌డీని లైను ఇచ్చిన సంస్థ దగ్గరే బంద్ చేయించండి. సిప్ కాల్స్ వచ్చే 5060 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టవద్దు. ఇంటి నుంచి వాడేవారికి వీపీఎన్ (ఇంటర్నెట్ మీద రహస్య దారి) ఇవ్వండి. మెసేజ్‌లలో రోగుల వివరాలు, ఆధార్ నంబర్లు, ప్రయాణ తేదీలు ఉంటాయి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం వాటిని కాపాడే బాధ్యత సంస్థదే, రక్షణ ఏర్పాట్లు చేయకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. మెసేజ్ ఆడియోను సిబ్బంది వాట్సాప్ గ్రూపుల్లో తిప్పే అలవాటు వెంటనే మానాలి. ఒకసారి ఎవరి ఫోన్లోకో పోయాక దాన్ని చెరిపించడం ఎవరి తరమూ కాదు.

ఆసుపత్రులు, హోటళ్లకు ప్రత్యేకంగా కొన్ని మాటలు. క్యాజువాలిటీ, లేబర్ రూమ్, బ్లడ్ బ్యాంక్ ఎక్స్‌టెన్షన్లు ఎట్టి పరిస్థితుల్లోనూ వాయిస్‌మెయిల్‌కు పోకూడదు. ఎత్తకపోతే ఇంకో మనిషికి, ఆపై ఇంకో మనిషికి పోవాలి. ఓపీ బాక్సు పలకరింపులో మాత్రం ‘ప్రాణాపాయమైతే 108కి ఫోన్ చేయండి’ అన్న మాట మొదటి వాక్యంగా ఉండాలి, చివర కాదు. హోటల్ గదుల ఫోన్లకు మెసేజ్ సదుపాయం ఇస్తే, చెకౌట్ చేయగానే బాక్సు ఖాళీ అయి పిన్ మారిపోయేలా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో కలపాలి. అలా కలపలేకపోతే గదులకు వాయిస్‌మెయిల్ ఇవ్వకపోవడమే మంచిది. ఒకరి ఇంటి మాటలు తర్వాత దిగినవారి చెవిన పడకూడదు.

సెల్‌ఫోన్ నంబరు మీదే వ్యాపారం నడిపేవారు ఒకటి గమనించాలి. స్టార్ 401 హ్యాష్ లాంటి యూఎస్ఎస్‌డీ కోడ్లతో కాల్ ఫార్వర్డింగ్ పెట్టుకునే సదుపాయాన్ని మోసాల కారణంగా టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపించింది. పాత పద్ధతి పనిచేస్తుందని ప్లాన్ వేసుకోవద్దు. 0877తోనో, 08572తోనో మొదలయ్యే ల్యాండ్‌లైన్ నంబరును బోర్డు మీద వేసి, సెల్‌ఫోన్లను దాని వెనక పెట్టుకుంటే పగ్గాలు మన చేతిలో ఉంటాయి. తిరుపతి లైను మీద వచ్చిన కాల్‌ను ఇంటర్నెట్ మీదుగా చెన్నై బ్రాంచి లైనులోకి కలపాలనుకుంటే మాత్రం, అది నిబంధనలకు లోబడి ఉందని లైను ఇచ్చే సంస్థ దగ్గర ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

కరెంటు, నీళ్లు, పిడుగు. ఈ మూడింటినీ కొటేషన్లు మరిచిపోతాయి. ఐపీ ఫోన్‌కు కరెంటు సాధారణంగా పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ తీగలోనే కరెంటు పంపే పెట్టె) నుంచే వస్తుంది. సర్వర్‌ను యూపీఎస్ మీద పెట్టి స్విచ్చును, రౌటర్‌ను, ఫైబర్ పెట్టెను గోడ ప్లగ్గుకు వదిలేస్తే కరెంటు పోయిన క్షణంలో సర్వర్ ఒక్కటే బతికి ఉంటుంది, దానికి ఫోన్ చేసే దారి ఉండదు. సర్వర్ 60 వాట్లు, 24 ఫోన్లకు ఒక్కోదానికి 5 చొప్పున 120, మిగతావాటికి 30, మొత్తం 210 వాట్లు. రెండు 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీలున్న యూపీఎస్ ఈ బరువు మీద అరగంట నిలవడమే కష్టం. జనరేటర్ లేనిచోట పెద్ద బ్యాటరీలు వేయించండి. 2021 నవంబర్ వరదల్లో తిరుపతి ఎలా మునిగిందో అందరం చూశాం. అయినా ఈపీఏబీఎక్స్‌ను (ఆఫీసు ఎక్స్ఛేంజిని) సెల్లార్‌లో, మెట్ల కింద పెట్టే అలవాటు పోలేదు. మొదటి అంతస్తులో గాలి ఆడే చోటికి ఎత్తించండి. బయటి నుంచి వచ్చే రాగి జత ప్రతిదానికీ క్రోన్ పెట్టెలో (తీగలు కలిపే పెట్టెలో) పిడుగు దెబ్బను ఆపే సర్జ్ ప్రొటెక్షన్ మాడ్యూల్, దానికి సరైన ఎర్త్ ఉండాలి. ఎర్త్ తీగ వేలాడుతుంటే మాడ్యూల్ ఉండీ లేనట్టే.

మార్పిడిని పండగ ముందు వారం పెట్టుకోవద్దు. ముందు ఒక విభాగంలో పదిమందికి రెండు వారాలు నడిపి, తర్వాతే మిగతావారికి. పాత ఎక్స్ఛేంజిని నెలపాటు విప్పకండి. అప్పగింత రోజు ఇవన్నీ కళ్లముందు చేయించండి: ప్రతి సెల్ నెట్‌వర్క్ నుంచీ, ఒక ల్యాండ్‌లైన్ నుంచీ కాల్, పది ఫోన్ల నుంచి ఒకేసారి కాల్, బాక్సు నిండేదాకా మెసేజ్‌లు, మెయిన్ స్విచ్ ఆపడం, ఇంటర్నెట్ తీగ పీకడం, ఆఫీసు వేళ దాటాక, ఆదివారం ఒక కాల్. బాక్సు నిండినప్పుడు బయటివారికి ఏం వినిపిస్తుందో వినండి. చాలా సిస్టమ్‌లు ఇంగ్లిష్‌లో ఒక ముక్క చెప్పి కట్ చేస్తాయి. అక్కడ కూడా తెలుగు మాట, ఆపై రిసెప్షన్‌కు దారి పెట్టించాలి.

చివరి బిల్లు ఇచ్చే ముందు అడ్మిన్ పాస్‌వర్డులు, ఐపీ చిరునామాల పట్టిక, ప్రాంప్ట్ ఫైళ్లు, కాన్ఫిగరేషన్ బ్యాకప్ ఉన్న పెన్‌డ్రైవ్ చేతికి తీసుకోండి. ఆ బ్యాకప్‌ను వేరే మిషన్‌లో ఎక్కించి లేపి చూపించమనండి. పాస్‌వర్డు తమ దగ్గరే ఉంచుకుని ప్రతి చిన్న మార్పుకూ పిలిపించుకునే పద్ధతికి ఒప్పుకోవద్దు. ఇవన్నీ అయ్యాక, ప్రతి సోమవారం ఉదయం మేనేజర్ ఒక పట్టిక చూడాలి. ఏ బాక్సులో 24 గంటలు దాటినా విననివి ఎన్ని, తిరిగి ఫోన్ చేయని నంబర్లు ఎన్ని. ఆ పట్టిక తీయడం ఎవరి పనో కూడా మొదట చెప్పిన కాగితంలోనే రాసి ఉండాలి.

ఇట్లు,
టెలిఫోన్, నెట్‌వర్క్ పనుల్లో ఉన్న కొందరు సాంకేతిక నిపుణులు,
తిరుపతి